అరకు సీజన్ పసిబిడ్డది కాదు

విశాఖలోనైనా విజయనగరంలోనైనా, ఆ మాటకొస్తే హైదరాబాదులోనైనా, బిడ్డ పుట్టిన ఇంట్లో ఒక తీర్పు ముందే రాసి ఉంటుంది. "ఓసారి అరకు వెళ్ళొస్తే బాగుండు" అని బాలింత అనీ అనకముందే, "చంటిపిల్లతో కొండలేంటమ్మా, ఏడాది నిండనీ" అంటారు అత్తగారు. కాస్త చదువుకున్న స్నేహితులైతే ఇంకో మాట చెబుతారు: "వెళితే డిసెంబర్లో వెళ్ళండి, అప్పుడే అరకు అరకులా ఉంటుంది. సీజన్ దాటాక ఏముంటుంది అక్కడ?" రెండు మాటలూ ప్రేమతోనే వస్తాయి, కాదనను. కానీ రెండూ తప్పే. మొదటి మాట తల్లిని నాలుగు గోడల మధ్య కూర్చోబెడుతుంది. రెండోది బిడ్డకు ఏమాత్రం పడని రోజులు చూసి మరీ కొండెక్కిస్తుంది. నేను చెప్పేది ఇది: మూడు నెలలు దాటి, టీకాలు వేళకు పడి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డతో అరకు వెళ్ళొచ్చు. వెళ్ళాల్సింది మాత్రం సంక్రాంతి జనం దిగిపోయాక, ఫిబ్రవరి మొదలుకొని మార్చి చివరిదాకా, అదీ వారం మధ్యలో.

సీజన్ అనేది ఎవరు పెట్టారో ముందు చూడాలి. కార్తీకమాసం వనభోజనాలు, కొండవాలుల్లో పసుపుపచ్చగా విరబూసే వలిసెపూలు, క్రిస్మస్ సెలవులు, డిసెంబర్ 31 రాత్రి, ఆ తర్వాత సంక్రాంతి. ఈ వరసలో వాతావరణం పాత్ర కొంతే, క్యాలెండర్ పాత్ర ఎక్కువ. బడికెళ్ళే పిల్లలకు సెలవులు, ఉద్యోగస్తులకు సెలవులు, ఫొటోకి పొగమంచు, పూలు. అందరికీ ఒకేసారి తీరిక దొరుకుతుంది కాబట్టి అందరూ ఒకేసారి వస్తారు. అయిదు నెలల బిడ్డకు బడి లేదు, పరీక్షలు లేవు. ఆ బిడ్డ తల్లి ఉద్యోగం చేస్తున్నదైతే 2017 నాటి చట్ట సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. అంటే ఏ మంగళవారమో బుధవారమో కొండెక్కే వీలు ఆమెకు జీవితంలో ఉండే కొద్ది నెలలు ఇవే. ఆ వీలును వదులుకుని, ఎవరి సెలవులనో బట్టి ఏర్పడిన రద్దీలోకి బిడ్డను ఎత్తుకెళ్ళమనడం ఏ లెక్కన మంచి సలహా?

డిసెంబర్ అరకు బిడ్డ ఒడిలోంచి చూస్తే ఎలా ఉంటుందో సలహా ఇచ్చేవాళ్ళు ఆలోచించరు. శని, ఆదివారాల్లో శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కగానే కార్లు, బస్సులు, బైకులు ఒకదాని వెనక ఒకటి. గాలికొండ మలుపుల దగ్గర బండి ఆగితే కదలదు. ముందున్న బస్సు పొగ లోపలికి వస్తుంది, అద్దాలు మూస్తే బిడ్డకు ఉక్క. పాలిద్దామంటే పక్కకి ఆపే చోటుండదు. రైల్లో వెళదామంటే ఇంకో బాధ. కొత్తవలస-కిరండూల్ లైనులో 50కి పైగా సొరంగాలున్నాయి. సీజన్లో ప్రతి సొరంగంలోనూ బోగీ మొత్తం ఈలలు, కేకలు. కుర్రాళ్ళకు అది సరదా, వాళ్ళను తప్పుపట్టను. కానీ అప్పుడే కునుకు తీసిన పసిబిడ్డ చీకట్లో ఆ అరుపులకు ఉలిక్కిపడి లేచి, మళ్ళీ నిద్రపోయి, మళ్ళీ లేచి, అరకు స్టేషన్ వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంది. చేరాక సాయంత్రం రిసార్టుల్లో క్యాంప్‌ఫైర్లు, డీజే పాటలు. ఆ కట్టెల పొగ నెలల బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదని చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు.

ఇక చలి. ఇదే మన్యంలో ఉన్న లంబసింగిలో సున్నాకు చేరువయ్యే చలి కోసమే జనం తెల్లవారుజామున మూడింటికి లేచి బండ్లు కట్టుకుని వెళతారు. వంజంగి మేఘాలు చూడాలన్నా చీకటితోనే కొండెక్కాలి. పెద్దవాళ్ళకు అది గొప్ప అనుభవమే. పసిబిడ్డ శరీరం అలా కాదు. బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ, చర్మం కింద కొవ్వు తక్కువ, చలేస్తే మనలా వణికి వేడి పుట్టించుకునే శక్తి తక్కువ. కాబట్టి వేడి తొందరగా పోతుంది. ఆ భయంతో తల్లిదండ్రులు స్వెట్టర్ మీద స్వెట్టర్, దాని మీద కంబళి, మంకీ క్యాప్, పైన శాలువా చుట్టేస్తారు. అప్పుడు ఇంకో ప్రమాదం మొదలవుతుంది. నిద్రలో ముఖం మీదికి జారే వదులు దుప్పట్లు, ఒళ్ళు మరీ వేడెక్కడం, ఇవి పసిపిల్లలకు చలికంటే తక్కువ ముప్పేమీ కాదు. ఫిబ్రవరి చివర, మార్చిలో ఈ రెండు చిక్కులూ ఉండవు. పగలు వెచ్చటి ఎండ, సాయంత్రం హాయి, రాత్రికి ఒంటికి పట్టిన మందపాటి చొక్కా, కాళ్ళకు సాక్స్ చాలు. కింద విశాఖలో అప్పటికే జిడ్డు చెమట మొదలై ఉంటుంది.

కొండగాలి పడదంటారు. పురిటి స్నానం తర్వాత తలుపులు మూసిన గదిలో బిడ్డను సాంబ్రాణి పొగ మీద పట్టే ఇంట్లోనే ఈ మాట వినిపిస్తుంది. పొగ మంచిదనీ గాలి చెడ్డదనీ ఎప్పుడు నిర్ణయమైపోయిందో గానీ, పిల్లల డాక్టర్లు చెప్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. ఎత్తు గురించి భయం కూడా ఇలాంటిదే. లద్దాఖ్ కబుర్లు విని ఆక్సిజన్ అందదేమో అంటారు. ఎత్తువల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక సంగతి. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు. ఆ రైలు మార్గంలో అన్నిటికంటే ఎత్తున ఉన్న సిమిలిగుడ స్టేషన్ కూడా సుమారు 1,000 మీటర్లే. ఘాట్ ఎక్కుతుంటే చెవులు పట్టేస్తాయి, నిజమే. ఆ సమయంలో పాలు పట్టిస్తే మింగుతుంది, చెవులు విడుతాయి. కడుపులో తిప్పడం కూడా రెండేళ్ళలోపు పిల్లల్లో అరుదు. వాంతులయ్యేది వాళ్ళను ఎత్తుకున్న పెద్దవాళ్ళకే.

అయితే ఆఫ్ సీజన్‌ను సమర్థిస్తూ వచ్చే ఇంకో మాటను కూడా ఇక్కడే ఖండించాలి. "వానాకాలం వెళ్ళండి, పచ్చదనం చూసి తీరాలి, రూములు చవక" అని ఉత్సాహపెట్టేవాళ్ళున్నారు. పెద్దవాళ్ళు తమ కోసం వెళితే వెళ్ళనీ. పసిబిడ్డతో మాత్రం జూన్ నుంచి అక్టోబర్ దాకా వద్దే వద్దు. ఈ మన్యంలో మలేరియా కథల్లోది కాదు. వానలతోపాటు కేసులు పెరుగుతాయి, అందులో మెదడుకెక్కే ఫాల్సిపారం రకం ఎక్కువ. ఏటా ఇళ్ళలో మందు చల్లడం, మందు అద్దిన దోమతెరలు పంచడం ఊరికే జరగడం లేదు. పైగా భారీ వానలకు బొర్రా, చిమిడిపల్లి పరిసరాల్లో కొండచరియలు రైలుపట్టాల మీద విరిగిపడుతుంటాయి. రైళ్ళు ఆగిపోతాయి, ఘాట్ రోడ్డు మూసుకుపోతుంది. పాలడబ్బా అయిపోవస్తున్న బిడ్డతో అలా ఇరుక్కోవడం ఎవరికీ వద్దు. ఇక మేలో బడిపిల్లల వేసవి సెలవులు, మళ్ళీ జనం. కింద మైదానంలో మండే ఎండలో ప్రయాణం. కాబట్టి సీజన్ కాని కాలమంతా ఒకటే కాదు. ఫిబ్రవరి, మార్చి వేరు, జూలై, ఆగస్టు వేరు. రెండింటినీ ఒకే సంచిలో వేసి "ఆఫ్ సీజన్ ప్రమాదం" అనేవాళ్ళూ, "ఆఫ్ సీజన్ అద్భుతం" అనేవాళ్ళూ ఒకే తప్పు చేస్తున్నారు.

సీజన్ దాటితే అరకులో ఏమీ ఉండదన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఆ మాట అనేవాళ్ళకు అరకు అంటే రిసార్టు, వ్యూపాయింట్ మాత్రమే. యూరప్‌లో ఉంటున్న మన పిల్లలు గ్రీసు వెళ్ళాలనుకుంటే ఈ మాటకు కొంత అర్థముంది. శాంటోరిని లాంటి దీవుల్లో నవంబర్ నుంచి మార్చి దాకా హోటళ్ళు, తిండి దుకాణాలు చాలామటుకు మూసేస్తారు, పడవలు తగ్గిపోతాయి. అక్కడ ఊళ్ళో బతుకు చాలావరకు టూరిస్టు చుట్టూనే తిరుగుతుంది. అరకు అలాంటి ఊరు కాదు. ఇది మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోందు జనాలు తరతరాలుగా పంట పండించుకుంటూ, సంతకు దిగుతూ బతికే లోయ. టూరిస్టు వచ్చినా రాకున్నా బడి గంట మోగుతుంది, సంత సాగుతుంది.

ఆ సంతనే చూడండి. వేసవి మొదట్లో కొండచింతపండు దిగుతుంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ కొంటున్న అటవీ ఫలసాయాల్లో ఇదొకటి. అడ్డాకులు, పిప్పళ్ళు, మిరియాలు, రాజ్మా, చోళ్ళు. అమ్మే మనిషికి తీరిక ఉంటుంది, కొనే మనిషికి నిలబడే చోటుంటుంది. అడవిలో మోదుగులు ఎర్రగా పూసి ఉంటాయి, మార్చిలో ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. అన్నిటికీ మించి కాఫీ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా గురించి అందరూ మాట్లాడతారు. డిసెంబర్లో వెళ్ళి కాఫీ తాగి, పొడి కొనుక్కుని వస్తారు. కానీ మార్చి, ఏప్రిల్లలో ఒక మంచి జల్లు పడ్డాక కొన్ని రోజులకు అనంతగిరి, సుంకరమెట్ట తోటల్లో కాఫీ కొమ్మలన్నీ తెల్లటి పూలతో నిండిపోతాయి. మల్లెను గుర్తుకు తెచ్చే వాసన సిల్వర్ ఓక్ నీడలో నిలిచి ఉంటుంది. ఆ పూత నాలుగు రోజులు మించదు. దానికి తేదీ చెప్పలేం, టికెట్ పెట్టలేం, అందుకే ఎవరి ప్యాకేజీలోనూ ఉండదు. ఇక చైత్రంలో గిరిజనుల ఇటుకల పండగ. ఊళ్ళలో రోజుల తరబడి థింసా నాట్యం, దారిలో ఆడవాళ్ళు బళ్ళు ఆపి పజోరు అనే పండగ చందా అడగడం. సంతోషంగా ఇచ్చి ముందుకెళ్ళండి. ఒడిలో బిడ్డ ఉండడం చూస్తే వాళ్ళే పలకరిస్తారు.

గదుల సంగతి కూడా అంతే. డిసెంబర్లో మీరు బేరం చేసేది అద్దె గురించి కాదు, అసలు గది దొరకడం గురించి. ఫిబ్రవరిలో ఎండ తగిలే గది అడగొచ్చు, మెట్లు లేని కింది అంతస్తు అడగొచ్చు, అర్ధరాత్రి మరిగించిన నీళ్ళు అడగొచ్చు. వంటింట్లో మనిషి "ఏం కావాలమ్మా పాపకి" అని అడిగేది జనం లేనప్పుడే. కాకపోతే వంటగది నడుస్తోందో లేదో, వేడినీళ్ళు వస్తాయో రావో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. కొన్నిచోట్ల సీజన్ అయ్యాక పనివాళ్ళను తగ్గిస్తారు.

బిడ్డతో వెళ్ళొచ్చనే మా వైపు నుంచే వచ్చే ఒక వాదన నాకు సమ్మతం కాదు. "అక్కడి గిరిజన తల్లులు పిల్లల్ని గుడ్డతో వీపుకు కట్టుకుని కొండలెక్కడం లేదా? వాళ్ళ పిల్లలు బతకడం లేదా?" అంటారు కొందరు, చంటిబిడ్డతో ప్రయాణం తేలికని చెప్పడానికి. ఇది చాలా అన్యాయమైన మాట. ఆ కొండల్లో అందరి బిడ్డలూ బతకడం లేదు. రోడ్డు లేని గూడేల నుంచి పురిటినొప్పులు పడుతున్న ఆడవాళ్ళను డోలీ కట్టి మైళ్ళ దూరం మోసుకొచ్చే వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ తల్లులు మనకంటే గట్టివాళ్ళని మెచ్చుకుని మన సరదాకు వాళ్ళను సాక్ష్యంగా తెచ్చుకోవడం తగదు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది: బిడ్డను ఒంటికి హత్తుకుని, గుడ్డతో కట్టుకుని నడవడం. తోపుడుబండి ఈ నేలమీద నడవదు. బిడ్డ మెడ నిలబెడుతుంటే గుడ్డ, లేదా మంచి క్యారియర్ ఒకటి ఉంటే చాలు.

ఎలా వెళ్ళాలన్నదానికి నా మాట రైలుకే. తెల్లారగానే విశాఖలో బయల్దేరే కిరండూల్ పాసింజర్‌లో బిడ్డను ఎత్తుకుని నడవొచ్చు, పడుకోబెట్టొచ్చు, గుడ్డలు మార్చొచ్చు. ఈ లైను ఇనుప ఖనిజం కోసం వేసింది. గూడ్సు బళ్ళతో కలిసి నడవాలి కనుక ఆలస్యమైతే విసుక్కోవద్దు. 2017లో వచ్చిన అద్దాల బోగీ బాగుంటుంది గానీ, పాలిచ్చే తల్లికి అంతటి వెలుతురు, చుట్టూ అంత ఖాళీ ఇబ్బందే. పల్చటి చున్నీ ఒకటి చేతిలో ఉంచుకోవాలి. కారులోనే వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తల్లి ఒడి సీటుబెల్టు కాదు. 2019 మోటారు వాహన చట్ట సవరణ పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ తప్పనిసరి చేసింది. అద్దెకారుల్లో ఆ సీటు సాధారణంగా ఉండదు, మనదే తీసుకెళ్ళాలి. ఘాట్‌లో రాత్రి ప్రయాణం అసలొద్దు.

ఇక చూడాల్సిన చోట్లు. బొర్రా గుహల్లో చెమ్మ, జారే మెట్లు, గబ్బిలాలు. బిడ్డను ఒకరు బయట పట్టుకుంటే ఒకరు వెళ్ళిరావాలి. "ఇద్దరే ఎలా సంభాళిస్తారు" అని అడిగే అత్తగారినో అమ్మనో వెంట తీసుకెళితే ఆవిడ భయమూ తీరుతుంది, మీ చేతులూ ఖాళీ అవుతాయి. కటికి జలపాతం దారి బిడ్డకు పనికిరాదు. చాపరాయి బండలు నున్నగా ఉంటాయి, బిడ్డతో నీళ్ళ అంచుకు వెళ్ళొద్దు. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, ఏదో ఒక కాఫీతోట నీడ, ఇవి చాలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యాహ్నమంతా బిడ్డ నిద్రకు వదిలేయాలి. రెండు రోజుల్లో పది చోట్లు చుట్టేసే ప్యాకేజీ బిడ్డకే కాదు, ఎవరికీ ప్రయాణం కాదు.

బయల్దేరే ముందు పద్నాలుగో వారం టీకాలు పూర్తయ్యాయో లేదో చూసుకోవాలి. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాక గానీ పడదు, జనంలోకి తీసుకెళ్ళొద్దనడానికి అదొక్క కారణం చాలు. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ అక్కర్లేదు, ఎండగా ఉందని నీళ్ళు కూడా పట్టొద్దు. డబ్బాపాలైతే మరిగించిన నీళ్ళు ఫ్లాస్కులో మీతోనే ఉండాలి. ఫిబ్రవరి అయినా దోమతెర మరవద్దు. మలేరియా దోమ కుట్టేది చీకటి పడ్డాకే. రెండు నెలల్లోపు బిడ్డ ఒంటికి దోమల క్రీములు రాయకూడదు. అరకులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పాడేరులో పెద్దాసుపత్రి ఉంది, అంతకు మించితే విశాఖే. గదికి చేరగానే ఆసుపత్రి ఎటో కనుక్కుని పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తిరిగొచ్చిన నెలరోజుల్లో బిడ్డకు జ్వరం వస్తే "అరకు వెళ్ళొచ్చాం" అని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించాలి. ఊళ్ళో డాక్టరుకు అది చెప్పకపోతే తోచకపోవచ్చు.

"ఇంత చేసి తీసుకెళితే బిడ్డకు గుర్తుంటుందా?" అన్నది ఆఖరి ప్రశ్న. గుర్తుండదు. పాలు తాగినదీ గుర్తుండదు, జోలపాటా గుర్తుండదు, అయినా మానేస్తున్నామా? ఈ ప్రశ్నలో కనిపించకుండా పోయిన మనిషి ఒకరున్నారు: తల్లి. కాన్పయ్యాక నెలల తరబడి నిద్రలేక, గది దాటక, కారణం తెలియకుండా కన్నీళ్ళు పెట్టుకునే ఆడవాళ్ళు మన ఇళ్ళలో ఎందరో. దాన్ని మనం దిష్టి అన్నాం, బాలింత బలహీనత అన్నాం, పట్టించుకోవడం మాత్రం ఆలస్యంగా మొదలుపెట్టాం. రెండు రోజుల కొండగాలి ఆ బాధకు వైద్యమని నేననను, వైద్యం కావాల్సినవాళ్ళకు వైద్యమే కావాలి. కానీ తనకూ ఒక బయట ఉందని, తన కోరికకూ ఇంట్లో విలువుందని ఆమెకు తెలియడం చిన్న సంగతి కాదు. ఏడాది నిండనీ అంటున్నది బిడ్డ గురించే అయినా, ఆ ఏడాదంతా ఆగిపోయేది తల్లి.

టూరిజం పెద్దలు ఫిబ్రవరిలో గదులు ఖాళీగా ఉన్నాయని బాధపడేకంటే, ఆ నెలల్ని చంటిబిడ్డల తల్లులకు తెరవొచ్చు. అరకు స్టేషన్లో, బొర్రా గేటు దగ్గర, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర గడియ పెట్టుకునే తలుపున్న చిన్న గది, అందులో ఒక కుర్చీ, గుడ్డలు మార్చడానికి ఒక బల్ల, చేతులు కడుక్కోవడానికి కుళాయి కావాలి. ప్రభుత్వ పర్యాటక సంస్థకు చెందిన ప్రతి హరిత రిసార్టులో అడిగితే ఇచ్చే దోమతెర, వేడినీళ్ళ కెటిల్ కావాలి. రోడ్లు, రైళ్ళు వేసిన ప్రభుత్వాలకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఇవే గదులు సంతకు బిడ్డను కట్టుకుని దిగే అక్కడి తల్లులకూ తెరిచి ఉండాలి.